విత్తు పగిలిన చప్పుడు

దీపాలు ఆరగానే హాల్లో నలుగురైదుగురు దగ్గారు. ఎక్కడైనా అంతే, చీకటి పడేసరికి మనుషులకి గొంతు సవరించుకోవాలనిపిస్తుంది, ఎన్ని హాళ్ళలో విన్నాడో అతను, ఒకప్పుడైతే ఆ దగ్గుల్ని కూడా రికార్డు చేసి దాచుకునేవాడు. ఇవాళ మాత్రం అతని చెవులు రెండూ పక్క కుర్చీ మీదే ఉన్నాయి. పక్క కుర్చీలో అక్క కూర్చుని ఉంది, ఒళ్ళో సంచీ పెట్టుకుని, సంచీ మీద చేతులు పెట్టుకుని, బడిలో మొదటిరోజు కూర్చున్నంత బుద్ధిగా. అక్క రాకూడదు. వస్తుందని అతను కలలో కూడా అనుకోలేదు. సైన్సు మ్యూజియంలో నెలకోసారి మధ్యాహ్నం పూట వేసే ఈ సినిమాలకి ఎవరొస్తారని, బళ్ళోంచి వరసగా తోలుకొచ్చిన పిల్లలు, పొద్దుపోని పెద్దవాళ్ళు, బయట ఎండకి తట్టుకోలేక చల్లదనం కోసం దూరినవాళ్ళు, అంతేగా. కర్టెన్లు కుట్టే షాపులో పొద్దున్నుంచీ మిషను ముందు నడుం వంచి కూర్చునే అక్కకి ఇక్కడేం పని. కాని షాపులో పనిచేసే కళ్ళజోడావిడ బస్సులోంచి పోస్టరు చూసిందట, అందులో అడుగున చీమ తలకాయలంత అక్షరాల్లో ఉన్న తమ్ముడి పేరు కూడా చదివిందట, ఆ కళ్ళజోడు లేకపోయినా బావుండేదని అతనికి ఇప్పుడనిపిస్తోంది. అక్క ఒక పూట సెలవు పెట్టి, ఆవిణ్ణీ, ఇంకో పెద్దావిణ్ణీ, గుడ్డ కత్తిరించే మాస్టరమ్మని, వెంటబెట్టుకుని వచ్చేసింది. తిమింగలం అస్థిపంజరం కింద నిలబడి ముగ్గురూ తలలు పైకెత్తి చూస్తున్నప్పుడు అతను వాళ్ళని చూసి స్తంభం చాటుకి తప్పుకోబోయాడు. తప్పుకునే లోపలే అక్క చూసింది.

"చెప్పలేదేంరా?" అంది.

"మర్చిపోయానక్కా."

"పోన్లే, మేమే వచ్చాంగా." తర్వాత వాళ్ళిద్దరి వైపూ తిరిగి, "మా తమ్ముడు. సినిమాలో చప్పుళ్ళన్నీ వీడివే" అంది, తన చేత్తో కుట్టిన పరదా ఏదో పెద్ద బంగళా కిటికీకి వేలాడుతుంటే చూపించినట్టు.

తెర మీద ఇప్పుడు నల్లటి చీకటి, ఆ చీకట్లోంచి తెల్లటి అక్షరాలు. ఈ చిత్రంలోని శబ్దాలన్నీ మట్టిలోంచి సేకరించినవి. ముందు వరసల్లో బడిపిల్లలు దాన్ని గట్టిగా కూడబలుక్కుని చదివారు, టీచరు ష్ అంది. అక్క కూడా పెదాలు కదుపుతూ చదివింది, ఆ పెదాల కదలికని అతను చూడకుండానే విన్నాడు. చదివి, అతని వైపు వంగి, చెవిలో అడిగింది, "మట్టిలో మైకు పెడితే పాడైపోదూ?" పాడవదక్కా అన్నాడు. ఎంత తేలిగ్గా వచ్చింది ఆ మాట. ఏడాది కిందట ఆడిన అబద్ధం ఎప్పుడో ఎండిపోయి ఉంటుందనుకున్నాడు, కాదు, పచ్చిగానే ఉంది, ఇంకో చిగురు వేసింది, అదీ అక్క చెవి పక్కనే. ముఖం వేడెక్కిపోయింది. చీకటి కాబట్టి సరిపోయింది.

వాన మొదలైంది తెర మీద. మట్టిని నిలువునా కోసి గాజు పలకల మధ్య పెట్టినట్టు తీసిన బొమ్మ, పైన వాన చినుకులు, కింద నల్లటి నేలలోకి నీళ్ళు వెంట్రుకల్లా దిగుతున్నాయి. ఈ వాన అతనిదే, దొంగది కాదు, ఒక పాత రేకుల షెడ్డు వెనక పూలకుండీలో మైకు పాతిపెట్టి, దాని మీద గుడ్డ కప్పి, తను గొడుగు లేకుండా తడుస్తూ పట్టుకున్న వాన. బాగా వచ్చింది, వెనక వరసలో ఎవరో అబ్బ అన్నారు, ఆ అబ్బకి అతని గుండె ఒక్క క్షణం పొంగింది, వెంటనే పొంగినందుకు సిగ్గేసింది. ఇంకా కొంచెం సేపే. వాన తర్వాత వానపాము, వానపాము తర్వాత పాత ఆకులు కుళ్ళడం, అది అయ్యాక విత్తు. తెరంతా ఒకే ఒక విత్తు నిండిపోయి, గోధుమరంగు గోడలా నిలబడి, నడుమ సన్నటి గీత పడి, ఆ గీత వెడల్పై, లోపలినుంచి తెల్లటి వేలు లాంటిది బయటికి పొడుచుకొస్తుంది. ఆ చోటు కోసమే దర్శకురాలు ఈ సినిమా తీసింది. ఆ చోటు కోసమే అతనితో మొదటిరోజే కచ్చితంగా చెప్పింది, నాకు స్టూడియోలో కూర్చుని చేసిన చప్పుడు వద్దు, క్యాబేజీ ఆకులు నలిపి వేరు అనొద్దు, నాకు నిజం కావాలి, ఇది సైన్సు మ్యూజియంలో ఆడుతుంది. సరే అన్నాడు. అప్పుడతనికి నిజం దొరకదన్న ఊహే లేదు. అతని చెవులంటే అతనికంత నమ్మకం. చిన్నప్పుడు ఇంట్లో అతని ముద్దుపేరే చెవులు. ఒరేయ్ చెవులూ, పాలు పొంగుతున్నాయేమో విను, అని అమ్మ వంటింట్లోంచి కాకుండా పక్కింట్లోంచి అరిచేది.

ఆ నిజం కోసం అతను వెళ్ళింది వేళ్ళ మేడమ్ దగ్గరికి, ఆవిడ ప్రయోగశాల నేలమాళిగలో ఉండేది. ఆవిడ ముందు వరస చివరి కుర్చీలో ఇప్పుడు కనిపిస్తోంది, నెరిసిన జుట్టు ముడి మీద తెర వెలుగు పడుతోంది. మొక్కల వేళ్ళ గురించి తప్ప ఇంకో విషయం మాట్లాడదని అందరూ ఆవిణ్ణి వేళ్ళ మేడమ్ అనేవాళ్ళు, ఆవిడకీ తెలుసు, నవ్వుకునేది. గాజు పెట్టెల్లో మట్టి, మట్టిలో విత్తులు, ఎర్ర దీపం. అతను చొక్కా బొత్తాం అంత మైకుల్ని గాజుకి అంటించాడు, మట్టిలో గుచ్చాడు, స్పాంజి కప్పాడు, రోజుల తరబడి హెడ్‌ఫోన్లు పెట్టుకుని కళ్ళు మూసుకుని కూర్చున్నాడు. లిఫ్టు మోటారు వినిపించింది. పైన రోడ్డు మీద బస్సు మలుపు తిరగడం వినిపించింది. నీళ్ళ పంపు, ఎవరిదో చెప్పు కిర్రు, తన రక్తం తన చెవుల్లో కొట్టుకోవడం, అన్నీ వినిపించాయి, విత్తు మాత్రం కళ్ళముందే పగిలి, వేరు దింపి, నోరు విప్పకుండా తన పని తాను చేసుకుపోయింది. వేళ్ళ మేడమ్ ఫ్లాస్కులోంచి టీ పోసిస్తూ అంది, "కంగారు పడకండి. చప్పుడు వస్తుందో రాదో మాకూ సరిగ్గా తెలీదు. ఏమీ వినిపించలేదంటే అదీ ఒక జవాబే, రాసుకుంటాం." ఆవిడ ఎంత మామూలుగా అందో. అతనికి మాత్రం చెంప మీద కొట్టినట్టయింది. ఆవిడ లోకంలో వినిపించలేదు అన్నది జవాబు, అతని లోకంలో అది చేతకానితనం. ఒక్క మాట, మేడమ్ నాకేమీ వినపడలేదు, అనేసి ఉంటే అయిపోయేది, ఆ మాట అనలేకపోయాడు, ఇంకో వారం చూస్తానన్నాడు, ఆ వారం మధ్యలో అక్క ఫోను చేసింది, షాపులో అర్జెంటు పని ఉంది, అమ్మకి రెండ్రోజులుగా ఒంట్లో బాలేదు, మధ్యాహ్నం వచ్చి కాస్త దగ్గర కూర్చుంటావా అని.

వానపాము అయిపోయింది. ఆకులు కుళ్ళుతున్నాయి, రంగులు మారుతూ, ఎంత అందంగా కుళ్ళుతున్నాయో, పిల్లలు ఛీ అని నవ్వుతున్నారు. అక్క నవ్వలేదు, ఆసక్తిగా ముందుకి వంగింది. అమ్మ దగ్గర కూర్చోవడానికి వెళ్ళిన ఆ రోజు కూడా ఇలాంటి వెలుగే, మబ్బు పట్టిన మధ్యాహ్నం, కిటికీకి అక్క కుట్టిన లేత పసుపు పరదా. అమ్మ మూడు దిళ్ళు పెట్టుకుని జారగిలి కూర్చుంది. పడుకుంటే ఊపిరాడట్లేదురా, కూర్చుంటే బానే ఉంది, అంది, అందులో పెద్ద విశేషమేమీ లేనట్టు. పాదాలు కొంచెం ఉబ్బి ఉన్నాయి. అతను మంచం పక్కన కూర్చున్నాడు, సంచిలో మైకులున్నాయి, తల ఆనించి అమ్మ భుజం మీద వాలాడు, ఎప్పుడో చిన్నప్పటి అలవాటు, అప్పుడు వినిపించింది. లోపల. ఊపిరి తీసుకుంటున్నప్పుడు చివర్లో, సన్నగా, తడిగా, ఏదో చిట్లుతున్నట్టు, ఇసుకలో నీటిబుడగలు ఒకదాని తర్వాత ఒకటి పగులుతున్నట్టు. అతను తల ఎత్తలేదు. ఒళ్ళు జల్లుమంది. ఇక్కడే, ఇన్నాళ్ళూ నేలమాళిగలో వెతికిన చప్పుడు ఇక్కడే ఉంది అనుకున్నాడు. అదే అనుకున్నాడు, మరొకటి కాదు, ఇదేమిటీ అనుకోలేదు, ఎందుకొస్తోంది అనుకోలేదు, అమ్మ లోపల ఏదో పగులుతోంది అని ఒక్క రవ్వ కూడా అనుకోలేదు. సంచిలోంచి మైకు తీసి, చల్లగా ఉంటుందని అరచేతిలో పెట్టి వెచ్చబరిచి, ఎంతో ప్రేమ ఉన్నవాడిలాగా, అమ్మ వీపు మీద పట్టీ వేసి అంటించాడు. ఏంట్రా ఇది అంది. నీ ఊపిరి విందామనమ్మా అన్నాడు. అమ్మ నవ్వింది, నవ్వితే దగ్గొచ్చింది, దగ్గు ఆగేదాకా అతను ఓపిగ్గా ఆగాడు, మళ్ళీ మొదలుపెట్టాడు. గట్టిగా పీల్చు అన్నాడు, పీల్చింది. వదులు అన్నాడు, వదిలింది. మైకు ఇంకొంచెం కిందికి జరిపాడు, అక్కడ ఇంకా బాగా వచ్చింది, ఇంకా దట్టంగా, ఇంకా తడిగా. అమ్మ అలిసిపోయి, కళ్ళు మూసుకుని, పిల్లాడి ఆట చెడగొట్టకూడదన్నట్టు కదలకుండా కూర్చుని, ఎలా ఉందిరా లోపల, అని అడిగింది. బావుందమ్మా, అన్నాడు అతను, హెడ్‌ఫోన్లు తియ్యకుండానే. చాలా బావుంది.

విత్తు వచ్చింది. గోధుమరంగు గోడ తెరంతా పరుచుకుంది. హాలు నిశ్శబ్దమైపోయింది, పిల్లలు కూడా. గీత పడింది. చప్పుడు అన్ని వైపుల నుంచీ మొదలైంది, అతనే అలా అమర్చాడు, గోడల వెంబడి, వీపు వెనక, కుర్చీల కింద నుంచి, మనిషి మట్టిలోపల ఉన్నట్టు. చిట్, చిట్, చిట్, చిట్, కాస్త విరామం, మళ్ళీ. అమ్మ హాలంతా నిండిపోయి ఊపిరి తీస్తోంది. గొంతు ఉన్నచోటల్లా కోసేశాడు, దగ్గు కోసేశాడు, మంచం కిర్రుమన్న చోటు, అమ్మ హమ్మయ్య అన్న చోటు, అన్నీ ఏరేశాడు, ఎవరికీ తెలియదు, దర్శకురాలికి తెలియదు, మొదటిసారి విన్నప్పుడు ఆవిడ కళ్ళు తుడుచుకుని అతని చేతులు పట్టుకుంది, వేళ్ళ మేడమ్ అయితే వంగి, నోరు కొంచెం తెరిచి, ఇది నిజంగా మా పెట్టెలోదేనా అంది, అవునన్నాడు. ఎవరికీ తెలియదు. కాని అక్క పక్కన కూర్చుని ఉంది. అమ్మతో ఒకే మంచం మీద ఏళ్ళ తరబడి పడుకున్న మనిషి. అతను తెర చూడటం మానేసి అక్కని చూశాడు. ముందు ఏమీ లేదు, విత్తు తెలుపు ముఖం మీద పడుతోంది, అందరి ముఖాల్లాగే. తర్వాత నుదుటి మీద చిన్న ముడి పడింది, ఎవరో పిలిచినట్టుంది, ఎవరో తెలియట్లేదు, అన్నప్పుడు పడే ముడి. తర్వాత అక్క తెర మీంచి చూపు తీసేసింది. తల కొంచెం దించి, ఒక పక్కకి వంచి, కళ్ళు మూసుకుంది. సినిమా హాల్లో కళ్ళు మూసుకుని కూర్చున్న మనిషి ఆవిడొక్కతే. వింటోంది. అతనికి లేచి పారిపోవాలనిపించింది. వేరు తెల్లగా బయటికొచ్చి కిందికి వంగింది, పిల్లలు ఓ అన్నారు, అక్క కళ్ళు తెరవలేదు.

ఆ తర్వాత నాలుగు రోజులకి ఆస్పత్రిలో డాక్టరు స్టెతస్కోపు పెట్టి ఎంతోసేపు వినలేదు. వీపు మీద రెండు చోట్ల, కింది వైపు, సరిగ్గా అతను మైకు జరిపిన చోటే, పెట్టి తీసేసి, "ఇక్కడ చిటపటలు వినిపిస్తున్నాయి, ఊపిరితిత్తుల్లో నీరు చేరింది" అంది. చిటపటలు. ఆ మాట అనగానే అతనికి ఆ చప్పుడు మొత్తం చెవుల్లో మోగింది, తన దగ్గర ఆ చిటపటలు అన్నిటికన్నా మంచి మైకుతో, ఏ మురికీ లేకుండా, పేరు పెట్టి భద్రంగా ఉన్నాయి. అప్పుడే తెలిసింది. మంచం కాళ్ళ దగ్గర నిలబడ్డాడు, హెడ్‌ఫోన్లు మెడకి వేలాడుతున్నాయి, స్టూడియోలోంచి పరిగెత్తుకొచ్చాడుగా, తియ్యడం మర్చిపోయాడు. డాక్టరు అతని వైపు చూడలేదు, అక్క వైపు చూసింది. "ఇన్ని రోజులు ఏం చేస్తున్నారమ్మా? ముందే తీసుకురావాలి కదా" అంది. అక్క తప్పు చేసినదానిలా తల దించుకుంది. అతను నోరు తెరిచాడు కూడా. తెరిచి, ఆక్సిజన్ బావుందా డాక్టర్, అని ఏదో అర్థంలేని మాట అడిగాడు. అమ్మ పోయాక అక్క ఎన్నిసార్లంది, పక్కనే పడుకున్నానురా, నాకే తెలియలేదు, చెవిటిదాన్నైపోయాను, అని. అన్నప్పుడల్లా అతను, ఊరుకో అక్కా నీ తప్పేముంది అన్నాడు, మంచి తమ్ముడిలా, భుజం తట్టాడు కూడా. ఆ తట్టిన చెయ్యి ఇప్పుడు కుర్చీ చేతి మీద ఉంది, అక్క చేతికి జానెడు దూరంలో, దాన్ని ఎక్కడ పెట్టుకోవాలో అతనికి తెలియడం లేదు. డాక్టరు అన్న ఆ ముందే అనే మాటకి ఎంత బరువు ఉందో, ముందే తెచ్చినా దక్కేదో లేదో, ఎవరు చెప్పగలరు, ఆ ఆలోచనని ఎన్నోసార్లు ఊతకర్రలా వాడుకున్నాడు, వాడి వాడి అది అరిగిపోయింది. అమ్మ పోయిన నెలకే దర్శకురాలు ఫోను చేసింది, ఆ చప్పుడు వచ్చిందా అని. అతను కాస్త ఆగి, వచ్చింది అన్నాడు.

దీపాలు వెలిగాయి, చప్పట్లు. మాస్టరమ్మ వెనక వరసలోంచి వంగి అతని భుజం నొక్కింది. అక్క చప్పట్లు కొట్టలేదు, సంచీ సర్దుకుంటోంది, సంచిలో సర్దడానికి ఏమీ లేదు. ఈ సినిమాలకి ఇక్కడో పద్ధతి ఉంది, చూడ్డంతో వదిలిపెట్టరు, చూసినవాళ్ళు అడగాలి, తీసినవాళ్ళు చెప్పాలి, కళా ఉండాలి ఆరా ఉండాలి అని మ్యూజియం వాళ్ళు ప్రతిసారీ అంటారు. దర్శకురాలు, వేళ్ళ మేడమ్, అతను, తెర ముందు మూడు కుర్చీల్లో కూర్చున్నారు. అక్కడినుంచి చూస్తే అందరి ముఖాలూ తెలుస్తాయి. పిల్లలు అడిగారు, వానపాముకి కళ్ళుంటాయా, వేరుకి కిందేదో పైనేదో ఎలా తెలుసు. మేడమ్ ఓపిగ్గా చెప్పింది. అప్పుడు మూలన కూర్చున్న ఒక పెద్దాయన చెయ్యెత్తాడు, చల్లదనం కోసం దూరినాయన అనుకున్నాడు అతను చూడగానే, చేతికర్ర, మోకాళ్ళ మీద మడతపెట్టిన పేపరు.

"విత్తనం పగిలేటప్పుడు వచ్చిందే, ఆ చప్పుడు గురించి" అన్నాడాయన. "అది ఒకే తీరుగా రావట్లేదు. వచ్చి, ఆగి, వస్తోంది. దానికో లయ ఉంది. విత్తనం కూడా మనలాగే ఊపిరి పీల్చి వదులుతుందాండీ?"

వేళ్ళ మేడమ్ ముఖం విప్పారింది. "మంచి ప్రశ్న. మేమూ అదే గమనించాం. ఎందుకలా వస్తోందో తెలుసుకోవాలని మా విద్యార్థిని ఒకమ్మాయి ఆర్నెల్లుగా దాని మీదే పనిచేస్తోంది. మళ్ళీ అలాంటి శబ్దం మాకైతే దొరకలేదు" అని, అతని వైపు తిరిగి, మైకు అందించింది. "ఈయనే చెప్పాలి."

మైకు చేతిలోకి వచ్చింది. జీవితమంతా మైకుకి అవతలి వైపు ఉన్నవాడు. ఎవరో ఒకమ్మాయి, ముఖమే తెలియదు, తను కూర్చున్న ఆ నేలమాళిగలోనే, ఆ ఎర్ర దీపం కిందే కూర్చుని, అమ్మ ఊపిరిని మట్టిలో వెతుకుతోంది. ఏదో ఒకటి చెప్పొచ్చు. నీళ్ళ ఒత్తిడి అయి ఉంటుందండీ అంటే చాలు, తలలూపుతారు. అక్క కుర్చీ వైపు చూడకూడదనుకుంటూనే చూశాడు. అక్క అతన్నే చూస్తోంది, కోపంగా కాదు, నువ్వు చెప్పేదేదో వింటాను అన్నట్టు.

"అది విత్తనం కాదండీ" అన్నాడు. గొంతు తనకే కొత్తగా వినిపించింది. "మట్టిలో నాకేమీ వినపడలేదు. అది మా అమ్మ ఊపిరి. ఒంట్లో బాగా లేనప్పుడు తీసింది. అమ్మ ఇప్పుడు లేదు."

దర్శకురాలి ముఖంలో రంగు పోయి, మళ్ళీ వచ్చింది, ఎంత త్వరగా వచ్చిందంటే అతనికి ఆశ్చర్యమేసింది, ఆవిడ ముందుకి వంగి తన మైకులో, తడి గొంతుతో, "నాకూ ఇప్పుడే తెలిసింది. బహుశా కళా శాస్త్రమూ కలిసే చోటు ఇదేనేమో. ఒక తల్లి ఊపిరే విత్తనమై మొలకెత్తడం" అంది. ఎవరో చప్పట్లు మొదలుపెట్టారు. తర్వాత అందరూ. టీచరు కళ్ళు ఒత్తుకుంది. మాస్టరమ్మ లేచి నిలబడి మరీ కొడుతోంది. అతనికి తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. దొంగతనం చేశానని చెప్తే దండ వేసినట్టుంది. చెప్పింది సగమేనండీ, మిగతా సగం ఉంది, ఆ సగానికి మీరు చప్పట్లు కొట్టరు, అనాలి, అనలేదు, మైకు ఒళ్ళోకి దించేశాడు. పెద్దాయన చప్పట్లు కొట్టలేదు, ప్రశ్నకి జవాబు దొరికిందో లేదో తేల్చుకోలేనట్టు కూర్చున్నాడు. వేళ్ళ మేడమ్ కూడా కొట్టలేదు. ఆ గోలలో మైకు లేకుండా, అతనికొక్కడికే వినపడేట్టు అంది, "వినపడలేదన్న మాట నాకు అప్పుడే చెప్పాల్సింది. ఆ పిల్లకి నేనేం చెప్పను?" అతను క్షమించండి అన్నాడు. ఆవిడ తలూపింది, విన్నాను అన్నంత మాత్రమే. తలెత్తి చూసేసరికి అక్క కుర్చీ ఖాళీగా ఉంది.

బయట ఆవరణలో ఎండ ఇంకా తగ్గలేదు. నీడని బట్టి పొద్దు చెప్పే రాతి గడియారం చుట్టూ పొట్టి గోడ ఉంది, అక్క ఆ గోడ మీద కూర్చుంది. మిగతా ఇద్దరూ టీ తేవడానికి గేటు దగ్గరికి వెళ్ళినట్టున్నారు. అతను వచ్చి ఎదురుగా నిలబడ్డాడు. కూర్చోమని అక్క అనలేదు.

"ఏ రోజు తీశావురా అది?" అంది.

తప్పించుకునే దారి ఏదీ వెతకలేదు. "మంగళవారం. నువ్వు షాపుకి వెళ్ళినరోజు."

"శనివారం పొద్దున ఆస్పత్రికి తీసుకెళ్ళాను."

"అవును."

"వీపుకి ఏదో అంటించి విన్నావా?"

"మైకు అంటించాను. అక్కా, నేనది విన్నాను. డాక్టరు విన్నదే. అందరికన్నా ముందు విన్నాను. వింటూ, చప్పుడు బావుందనుకున్నాను. ఇంకేమీ అనుకోలేదు. నీకు ఆ రోజే చెప్పి ఉంటే..."

అక్క చెయ్యి అడ్డంగా ఊపింది, ఆ మాట ఇప్పుడొద్దన్నట్టు. కాసేపు రాతి గడియారం మీద నీడని చూసింది. తర్వాత చాలా నెమ్మదిగా, అతనితో కాకుండా తనలో తను లెక్క సరిచూసుకుంటున్నట్టు మాట్లాడింది.

"మంగళవారం సాయంత్రం వచ్చి, పద డాక్టరు దగ్గరికి అన్నాను. రిక్షా కూడా పిలిచాను. అమ్మ కదల్లేదు. తమ్ముడు మిషను పెట్టి చూశాడే, గంటసేపు చూశాడు, లోపల చాలా బావుందన్నాడు, ఊరికే డబ్బు తగలెయ్యకు, అంది. నువ్వు మిషను పెట్టడమేంటి, నువ్వేమైనా డాక్టరువా. ఆస్పత్రంటే భయం కదా, అందుకని కథ అల్లిందనుకున్నాను. నిన్నడుగుదామనుకున్నా. అడిగితే నీ దగ్గర అమ్మని అబద్ధాలకోరుని చేసినట్టవుతుందని ఊరుకున్నా."

గంటసేపు చూశాడు. అమ్మ ఎంత గర్వంగా చెప్పి ఉంటుందో ఆ మాట. ఆ చప్పుడుకి అతనిచ్చిన మెప్పుని తన ఒంటికి ఇచ్చిన మెప్పనుకుని, దాన్ని దుప్పటిలా కప్పుకుని, మూడు రోజులు ఆ మంచం మీద కూర్చుని ఉంటుంది. తను అక్కకి చెప్పకపోవడమే పాపమనుకున్నాడు ఇన్నాళ్ళూ. అక్క పిలిచిన రిక్షాని తన మాటే వెనక్కి పంపిందని తెలియదు.

"ఆస్పత్రిలో ఉన్నన్నాళ్ళూ అమ్మతో సరిగ్గా మాట్లాడలేదురా నేను" అంది అక్క. "తుడిచాను, తాగించాను, అన్నీ చేశాను. మాట్లాడలేదు. ఎందుకు నాకు అబద్ధం చెప్పావని ఒకసారి గట్టిగా కూడా అడిగాను. నోటికీ ముక్కుకీ ఆ ఆక్సిజన్ మాస్కు ఉంది, మాట రాదు, తల అడ్డంగా ఊపింది. అబద్ధం కాదనడానికి ఊపింది. నేను ఇంకా మొండికేస్తోందనుకున్నాను."

అక్క ఏడవలేదు. ఏడిస్తే బావుండేదని అతననుకున్నాడు, అలా అనుకోవడం కూడా తన సుఖం కోసమేనని వెంటనే తెలిసి, ఆ ఆలోచనకి కూడా సిగ్గుపడ్డాడు. క్షమించక్కా అన్న మాట నాలుక చివరికి వచ్చింది, లోపల అదే మాట వేళ్ళ మేడమ్‌తో అనేసొచ్చాడు, అంత తేలిగ్గా, ఇప్పుడు అదే నాణెం ఇక్కడ చెల్లదు. అమ్మ అబద్ధమాడలేదన్నమాట, అంది అక్క, మళ్ళీ ఒకసారి, ఆ ఒక్క ముక్కనీ జాగ్రత్తగా విడదీసి పక్కన పెట్టుకుంటున్నట్టు.

మాస్టరమ్మా కళ్ళజోడావిడా టీ కప్పులు పట్టుకుని వచ్చారు, ఒలకకుండా చిన్న చిన్న అడుగులేసుకుంటూ. మాస్టరమ్మ కళ్ళు ఇంకా ఎర్రగా ఉన్నాయి. అక్క చేతికి ఒక కప్పూ, అతని చేతికి ఒక కప్పూ ఇచ్చి, ఖాళీ అయిన చేత్తో అతని తల నిమిరింది, కత్తెర పట్టి పట్టి గరుకెక్కిన చెయ్యి. "ఎంత అదృష్టవంతురాలయ్యా మీ అమ్మ" అంది. "పోయినా ఊపిరి పోకుండా దాచావు. ఎంతమంది కొడుకులు దగ్గర కూర్చుని అంత శ్రద్ధగా వింటారు చెప్పు."

కళ్ళజోడావిడ అవునవునని తలూపింది. అక్క టీ మీద ఊదుకుంటోంది. అతన్ని కాపాడటానికీ, పట్టివ్వడానికీ, రెంటికీ ఆవిడ ముందుకి రాలేదు. అదేం లేదండీ అని నవ్వి ఊరుకుంటే చాలు. వినయం అనుకుంటారు, బస్సెక్కి వెళ్ళిపోతారు, షాపులో పదిమందికీ చెప్తారు, ఆ పదిమందిలో రోజూ అక్క కూర్చుని ఆ మాట వింటుంది.

"అలా కాదండీ జరిగింది" అన్నాడు అతను. "కొంచెం కూర్చోండి, చెప్తాను."

వాళ్ళు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. అక్క తలెత్తలేదు, కాని గోడ మీద కొంచెం పక్కకి జరిగి వాళ్ళిద్దరికీ చోటిచ్చింది. అతను నిలబడే మొదలుపెట్టాడు.